బ్యాటరీ బండి పందెంలో నిలబడుతుందా?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో 1986 పదో తరగతి బ్యాచ్ విద్యార్థి చేసిన ప్రసంగం)

   

కార్యదర్శిగారు ఫోన్ చేసి "పదిహేను నిమిషాలు మాట్లాడు, నీ ఉద్యోగం గురించే చెప్పు, కానీ అందరికీ అర్థమయ్యేట్టు చెప్పు" అన్నారు. ఆ మూడో షరతే కష్టం. నేను ముప్పై ఏళ్ళుగా మోటార్లతో, గత పన్నెండేళ్ళుగా బ్యాటరీ బళ్ళతో బతుకుతున్నాను. ఏం చెప్పాలా అని ఆలోచిస్తుంటే, మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో నా బెంచిమేటు ఒకప్పుడు అడిగిన ప్రశ్న గుర్తొచ్చింది. వాణ్ని మీరందరూ ఎరుగుదురు. బస్టాండు ఎదురుగా టూ వీలర్ మెకానిక్ షెడ్డు వాడిదే. ఈ సభలో ఉన్నవాళ్ళలో సగం మంది బళ్ళు వాడి చేతి కింద బాగుపడినవే. వాడు అడిగింది ఇది: "ఒరే, ఈ బ్యాటరీ బళ్ళు వీధిలో కూరలకి తిరగడానికి బానే ఉన్నాయి. పందెంలో పెడితే నిలబడతాయా?"

గ్రూపులో అందరూ నవ్వే బొమ్మలు పెట్టారు. నాకు మాత్రం అది మంచి ప్రశ్న అనిపించింది. ఏ యంత్రమైనా నెమ్మదిగా నడిచినంతసేపు దాని లోపాలు బయటపడవు. పూర్తిగా పిండితేనే తెలుస్తుంది. పందెం అంటే ఆ పిండడమే.

ముందు ఒక పాత సంగతి చెప్పాలి. రోడ్డు మీద గంటకు 100 కిలోమీటర్ల వేగం దాటిన మొదటి కారు పెట్రోలుది కాదు, బ్యాటరీది. 1899లో ఫ్రాన్సులో కామిల్ జెనాట్జీ అనే బెల్జియం ఆయన, తుపాకీ గుండు ఆకారంలో ఉన్న కారులో 105 కిలోమీటర్ల వేగం అందుకున్నాడు. అంటే వేగం విషయంలో కరెంటు బండి మొదట్లో వెనకబడలేదు. ఆ వేగాన్ని ఎంతసేపు నిలబెట్టుకోగలదన్నదే అప్పటి ప్రశ్న, ఇప్పటి ప్రశ్న.

వాడికి నోటితో చెప్పడం ఎందుకని 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్ రమ్మన్నాను. ఆ రోజు హుస్సేన్ సాగర్ పక్కన నెక్లెస్ రోడ్డు మీద ఫార్ములా ఈ పందెం జరిగింది. మన దేశంలో ఆ పందెం జరగడం అదే మొదలు. 2.8 కిలోమీటర్ల ట్రాకు, 18 మలుపులు. మావాడు మొదటి కారు ముందునుంచి వెళ్ళగానే నా వైపు తిరిగి "శబ్దం ఏదిరా?" అన్నాడు. గ్రైండరు దూరంగా తిరుగుతున్నట్టు ఒక కూత, టైర్లు రోడ్డును గీరుతున్న మోత, అంతే. ముప్పై అయిదేళ్ళు ఇంజను చప్పుడు విని జబ్బు చెప్పినవాడికి అది పెళ్ళిలో మేళం లేనట్టుంది.

కాసేపటికి పెద్ద తెర మీద కార్ల పేర్ల పక్కన అంకెలు చూసి "అవేంటి?" అన్నాడు. ఒక్కో కారు బ్యాటరీలో ఎంత శాతం మిగిలిందో చూపించే అంకెలవి. అక్కణ్ణుంచి వాడు కార్లు చూడటం మానేసి అంకెలు చూడటం మొదలుపెట్టాడు. ఆఖరి ల్యాపుల్లో ముందున్నది ఫ్రాన్సు డ్రైవరు జాన్ ఎరిక్ వెర్న్, వెనక తరుముతున్నది న్యూజిలాండ్ డ్రైవరు నిక్ క్యాసిడీ. వెనకున్నవాడి దగ్గర చార్జి ఎక్కువ, ముందున్నవాడి దగ్గర తక్కువ. వెర్న్ ఎక్కడ వదలాలో అక్కడ వదులుతూ, ఎక్కడ అడ్డుపడాలో అక్కడ అడ్డుపడుతూ, అర సెకను కన్నా తక్కువ తేడాతో గెలిచాడు. మావాడు లేచి నిలబడి "ఓర్నీ! రిజర్వులో పడ్డ బండిని బంకు దాకా తెచ్చినట్టు తెచ్చాడురా" అన్నాడు. పందెం కిటుకు మొత్తం వాడు ఆ ఒక్క మాటలో చెప్పేశాడు. నేను ఇంకో గంట చెప్పినా అంతకన్నా బాగా చెప్పలేను.

ఇప్పుడు కొంచెం లెక్క చూద్దాం. పిల్లలూ, కరెంటు బిల్లులో యూనిట్ అంటాం కదా, అదే కిలోవాట్ అవర్. ఆ కారు పందెం మొత్తానికి బ్యాటరీలోంచి వాడుకోగలిగేది 40 యూనిట్ల లోపే. ఒక లీటరు పెట్రోలులో సుమారు 9 యూనిట్ల శక్తి ఉంటుంది. అంటే నాలుగున్నర లీటర్ల పెట్రోలులో ఉన్నంత శక్తితో, 350 కిలోవాట్ల కారు ముప్పైకి పైగా ల్యాపులు, 90 కిలోమీటర్ల పైచిలుకు పందెం పరిగెత్తింది!

ఎలా సాధ్యం? రెండు కారణాలు. పెట్రోలు ఇంజనులో శక్తి మూడొంతుల్లో దాదాపు రెండొంతులు వేడిగా, పొగగా పోతుంది. మోటారు అయితే వందలో తొంభైకి పైగా చక్రానికి ఇస్తుంది. రెండోది, బ్రేకు. మనం బ్రేకు తొక్కితే బండి వేగమంతా బ్రేకు లైనర్ల దగ్గర వేడిగా మారి గాలిలో కలుస్తుంది. ఈ కార్లలో బ్రేకు తొక్కితే మోటారే డైనమోగా మారి ఆ వేగాన్ని మళ్ళీ కరెంటు చేసి బ్యాటరీలోకి పంపుతుంది. పందెంలో ఖర్చయ్యే శక్తిలో ఇంచుమించు 40 శాతం ఇలా వెనక్కి రాబట్టుకున్నదే. మా అమ్మ బియ్యం కడిగిన నీళ్ళు కూడా పారబోయకుండా మొక్కలకు పోసేది, అలాగన్నమాట.

ఇందులో జరిగిన అభివృద్ధి కూడా చూడండి. 2014లో బీజింగ్‌లో ఈ పందేలు మొదలైనప్పుడు ఒక బ్యాటరీ పందెం చివరిదాకా వచ్చేది కాదు. డ్రైవరు సగంలో ఆగి, కారు దిగి, ఇంకో కారెక్కి మిగతా పందెం పూర్తి చేసేవాడు. చూసినవాళ్ళు నవ్వారు. 2018 డిసెంబరులో మొదలైన సీజన్ నుంచి ఆ అవసరం పోయింది. ఒకే కారు, ఒకే చార్జి. నాలుగేళ్ళలో నవ్వు ఆగింది.

కరెంటు బండి పెట్రోలు బండిని పూర్తిగా ఓడించిన చోటు ఒకటుంది. అమెరికాలో పైక్స్ పీక్ అనే కొండ. కింద నుంచి పైకి 20 కిలోమీటర్ల ఘాటు రోడ్డు, 156 మలుపులు, శిఖరం 4,300 మీటర్లు. మన తిరుమల కొండకు నాలుగింతలకు మించిన ఎత్తు. అక్కడ గాలి పలచన. పెట్రోలు ఇంజనుకు ఊపిరి ఆడదు, పైకి వెళ్ళేకొద్దీ బలం పోతుంది. మోటారు ఊపిరి పీల్చదు కనుక దానికి ఆ బాధ లేదు. 2018లో ఫోక్స్‌వ్యాగన్ ఐ.డి. ఆర్. అనే బ్యాటరీ కారులో రొమైన్ డ్యూమా 7 నిమిషాల 57 సెకన్లలో కొండెక్కాడు. ఎనిమిది నిమిషాల లోపు ఎక్కిన మొదటి వాహనం అదే. అంతకుముందు రికార్డు పెట్రోలు కారుది, 8 నిమిషాల 13 సెకన్లు. అయితే ఒక మాట గుర్తుపెట్టుకోండి. అది ఎనిమిది నిమిషాల పని. ఎనిమిది నిమిషాలకు సరిపడా బ్యాటరీ మాత్రమే మోసుకెళితే చాలు. అదే లె మాన్‌లో 24 గంటల పందెం ఉంది. అక్కడ గెలిచే కార్లలో మోటారు సాయం ఉంటుంది గానీ, కేవలం బ్యాటరీతో గెలిచిన కారు ఇప్పటిదాకా లేదు.

ఇక మావాడికి ప్రాణమైన మోటారు సైకిళ్ళ సంగతి. కారు కన్నా బైకు కష్టం, చాలా కష్టం. బ్రిటన్ పక్కన ఐల్ ఆఫ్ మ్యాన్ అనే దీవిలో ఊళ్ళ మధ్య రోడ్ల మీద 60 కిలోమీటర్ల ల్యాపు ఉంది. 2009లో అక్కడ మొదటిసారి కరెంటు బైకులకు పందెం పెట్టారు. అగ్ని అనే బ్రిటిష్-ఇండియన్ జట్టు బైకు సగటున 140 కిలోమీటర్ల వేగంతో గెలిచింది. 2019 నాటికి మైకేల్ రట్టర్ జపాన్ వారి ముగెన్ బైకు మీద సగటు 196 కిలోమీటర్లకు తెచ్చాడు. అప్పటికి పెట్రోలు బైకు రికార్డు సగటు 218. పదేళ్ళలో అంత దగ్గరికి రావడం గొప్పే. కానీ కరెంటు బైకులకు పెట్టింది ఒక్క ల్యాపు. పెట్రోలు బైకులు పెద్ద పందెంలో ఆరు ల్యాపులు తిరుగుతాయి, మధ్యలో ఆగి క్షణాల్లో పెట్రోలు పోయించుకుంటాయి.

మోటో ఈ అని ఇంకో ప్రపంచ పోటీ ఉండేది. 2023 నుంచి దానికి డుకాటి కంపెనీ బైకులిచ్చింది. బైకు బరువు 225 కిలోలు. అందులో ఒక్క బ్యాటరీ ప్యాకే 110 కిలోలు. ఆ 110 కిలోలలో ఉన్నది 18 యూనిట్లు. రెండు లీటర్ల పెట్రోలులో ఉన్నంత! రెండు లీటర్ల పెట్రోలు బరువు కిలోన్నర. మోటో జీపీ పెట్రోలు బైకు కనీస బరువు 157 కిలోలు, ట్యాంకులో 22 లీటర్లు. ఈ తేడా మోటారు ఎంత బాగా పనిచేసినా పూడేది కాదు. అయినా ఆ బైకు తిన్నని దారిలో 275 కిలోమీటర్ల వేగం అందుకుంది. పందెం మాత్రం ఏడెనిమిది ల్యాపులే.

పైగా బైకుకు బ్రేకు లాభం కూడా సరిగా దక్కదు. గట్టిగా బ్రేకు పట్టినప్పుడు బరువంతా ముందు చక్రం మీదకు పోయి వెనక చక్రం తేలిపోతుంది. ఇది మీకందరికీ అనుభవమే. మోటారు ఉన్నది వెనక చక్రానికి. తేలిపోయే చక్రం నుంచి ఏం రాబట్టుకుంటాం? కారుకు నాలుగు చక్రాలు నేల మీదే ఉంటాయి కాబట్టి కారుకు ఆ సొమ్ము వస్తుంది, బైకుకు చాలావరకు రాదు. చివరికి 2025 సీజన్ తర్వాత ఆ పోటీకి విరామం ప్రకటించారు. నేను ఈ రంగంలో అన్నం తింటున్నవాణ్ని. అయినా ఉన్నమాట దాచకూడదు.

పిల్లలూ, ఇంతవరకూ బరువు గురించి చెప్పాను. అసలు శత్రువు బరువు కాదు, వేడి. పదో తరగతిలో మా ఫిజికల్ సైన్సు మాస్టారు బీకరులో నీళ్ళు పోసి, తీగచుట్ట ముంచి, కరెంటు పంపి థర్మామీటరు చూపించారు. "కరెంటు రెట్టింపైతే వేడి ఎన్నింతలు?" అని అడిగారు. నేను రెండింతలన్నాను. నాలుగింతలు. నాకు రెండు బెత్తం దెబ్బలు. రెండుకు రెండు వర్గం నాలుగు అని అరచేతికి గుర్తుండిపోయింది. వీధిలో మెల్లగా పోయేటప్పుడు బ్యాటరీ నుంచి వచ్చే కరెంటు తక్కువ, వేడీ తక్కువ. ట్రాకు మీద ప్రతి మలుపు దాటగానే యాక్సిలరేటరు పూర్తిగా తిప్పుతాం. బ్రేకు పట్టినప్పుడు మళ్ళీ లోపలికి పెద్ద కరెంటు. పోయినా వేడే, వచ్చినా వేడే. చల్లారే తీరిక లేదు. వేడి హద్దు దాటుతుందనగానే బ్యాటరీని కాసే కంప్యూటరు బలం తగ్గించేస్తుంది. తొలినాళ్ళలో రోడ్డు కోసం తయారైన కరెంటు కార్లను జర్మనీలోని నూర్బర్గ్‌రింగ్ ట్రాకు మీదకు తీసుకెళితే, 20 కిలోమీటర్ల ఒక్క ల్యాపు పూర్తికాకుండానే నీరసించేవి. ఇప్పుడు చల్లబరిచే ఏర్పాట్లు బాగుపడి, అదే ట్రాకును ఏడు నిమిషాల పైచిలుకులో చుట్టివచ్చే బ్యాటరీ కార్లు బజారులో అమ్ముతున్నారు.

ఈ వేడి దగ్గరే నేను జీవితంలో ఒక పెద్ద తప్పు చేశాను. ఇది నేను ఇంతవరకు ఏ వేదిక మీదా చెప్పలేదు.

కొన్నేళ్ళ కిందట నేను పనిచేస్తున్న కంపెనీ తరఫున ఒక నమూనా బైకును పరీక్షించడానికి ట్రాకుకు తీసుకెళ్ళాం. బండి బ్రహ్మాండంగా పోతోంది. కానీ ప్రతిసారీ మూడో ల్యాపులో బలం పడిపోతోంది. ల్యాప్‌టాప్ పెట్టి చూశాను. బ్యాటరీలో ఎనిమిది చోట్ల వేడి కొలిచే సెన్సర్లు ఉన్నాయి. ఏడు చోట్ల 48 డిగ్రీలు, ఒక్కచోట 60. ఆ ఒక్క సెన్సరు పాడైందని నేను తీర్మానించుకున్నాను. మర్నాడు పెద్దవాళ్ళు చూడటానికి వస్తున్నారు. కంప్యూటరులో హద్దు 60 నుంచి 70కి పెంచాను. నన్నెవరూ అడగలేదు, నేనూ ఎవర్నీ అడగలేదు.

తర్వాతి పరుగులో నాలుగో ల్యాపులో కుర్రాడు చెయ్యెత్తి బండి పక్కకు తెచ్చాడు. ప్లాస్టిక్ కాలిన వాసన. బండిని ఇసుకలోకి లాగి, అందరినీ దూరంగా పంపి, ఫైర్ సిలిండర్లు పట్టుకుని తెల్లారేదాకా కాపలా కాశాం. ఏమీ పేలలేదు. మర్నాడు విప్పి చూస్తే, రెండు భాగాలను కలిపే రాగి పట్టీ దగ్గర ఒక బోల్టు వదులుగా ఉంది. వదులు బిగింపు దగ్గర నిరోధం పెరుగుతుంది. ఓమ్‌లో వెయ్యో వంతే కావచ్చు, కానీ 300 ఆంపియర్లు పోతే అక్కడే 90 వాట్ల వేడి. సోల్డరింగ్ ఐరన్ కన్నా ఎక్కువ. అంటే బ్యాటరీ లోపల సోల్డరింగ్ ఐరన్ పెట్టి, నేను కాపలావాడి నోరు నొక్కేశాను. సెన్సరు నిజమే చెప్పింది.

బండి నడిపిన కుర్రాడికి ఇరవై రెండేళ్ళు. ఆ రాత్రి వాళ్ళమ్మ ఫోన్ చేస్తే "బానే జరిగిందమ్మా, భోంచేశాను" అన్నాడు నా పక్కనే నిలబడి. ఆ మాట ఇప్పటికీ వినబడుతూనే ఉంటుంది. 2019లో మోటో ఈ పోటీలు ఇంకా మొదలవకుండానే స్పెయిన్‌లో పరీక్షల సమయంలో మంటలంటుకుని ఆ పోటీ బైకులన్నీ కాలిపోయాయి. పేపర్లో చదివినవాళ్ళకు అది వార్త. నాకు మాత్రం ఆ రాత్రి ఇసుకలో కూర్చున్నట్టే అనిపించింది. మర్నాడు వచ్చిన పెద్దవాళ్ళకు జరిగింది జరిగినట్టు రాసిచ్చాను. ఆ ఏడాది నా ప్రమోషన్ పోయింది. పోవాల్సిందే.

హైదరాబాద్ పందెం అయ్యాక, ట్యాంక్‌బండ్ దగ్గర టీ తాగుతూ మావాడికి ఇదంతా చెప్పాను. వాడు కప్పు కింద పెట్టి, "అన్నిచోట్లా నలభై ఎనిమిది ఉండి ఒక్కచోటే అరవై ఉంటే, ముందు అక్కడ విప్పి బోల్టు చూడవట్రా?" అన్నాడు. వాడు పదో తరగతి తప్పాడు. నేను ఇంజనీరింగ్‌లో ఫస్ట్ క్లాసు.

అప్పుడు వాడు అసలు ప్రశ్న బయటపెట్టాడు. పందెం గురించి అడిగింది పందెం కోసం కాదు. "మావాడు ఐటీఐ అయ్యాడు. షెడ్డు అప్పజెప్పనా? వద్దనా? ఈ బ్యాటరీలొచ్చి మా పని పోతుందంటున్నారు. నిజం చెప్పు" అన్నాడు. నలభై ఏళ్ళ స్నేహం. ఓదార్పు కోసం అబద్ధం చెప్పలేను.

నేను చెప్పింది ఇది. ట్రాకు మీద కనబడిందే రేపు రోడ్డు మీదకు వస్తుంది. తక్కువ దూరం, పదేపదే ఆగి కదిలే పని, అంటే ఊళ్ళో స్కూటర్లు, ఆటోలు, ఇవి కరెంటువే అవుతాయి. బరువు మోసుకుని చాలా దూరం, ఆగకుండా పోయే చోట పెట్రోలు, డీజిలు ఇంకా చాలా ఏళ్ళు ఉంటాయి. కాబట్టి షెడ్డు మూయక్కర్లేదు, కానీ ఒకే పనితో ఉంచకూడదు. కార్బరేటరు, పిస్టన్ రింగులు, క్లచ్ ప్లేట్ల పని తగ్గుతుంది. టైర్లు, బ్రేకులు, బేరింగులు, ఫోర్కులు అలాగే ఉంటాయి. బరువు పెరిగింది కాబట్టి టైర్లు ఇంకా ఎక్కువే అరుగుతాయి. కొత్తగా వచ్చేది వైర్లు, బిగింపులు, వేడి. వదులు బోల్టును చేత్తో పట్టుకోగలిగిన మనిషికి పని ఎలా పోతుంది? కాకపోతే బ్యాటరీ మీద ఇంజను మీద వేసినట్టు ఊరికే చెయ్యి వెయ్యకూడదు. ఇంజను చెయ్యి కాలుస్తుంది, బ్యాటరీ మనిషినే తీసుకుపోగలదు. ఆ చదువు చదివే ముట్టుకోవాలి.

ఆ పిల్లాడు శిక్షణకు వెళ్ళాడు. ఆర్నెల్లు షెడ్డులో ఒక మనిషి తక్కువై వాళ్ళ నాన్న తంటాలు పడ్డాడు. నిన్న సాయంత్రం నేను ఊళ్ళో దిగి నేరుగా షెడ్డుకే వెళ్ళాను. గోడకు స్పానర్ల పక్కన రబ్బరు గ్లవ్స్, ఒక టార్క్ రెంచి వేలాడుతున్నాయి. లోపల ఓ కరెంటు స్కూటరు విప్పి ఉంది. మావాడు దూరంగా స్టూలు మీద కూర్చుని "నేను ముట్టుకోకూడదట రా" అని కొడుకు మీద ఫిర్యాదు చేశాడు. ఆ ఫిర్యాదులో గర్వం కూడా ఉంది. వ్యాపారం ఎలా ఉందన్నాను. "అటూ ఇటూగా ఉంది, చూడాలి" అన్నాడు. నిజమే, చూడాలి.

కాబట్టి, బ్యాటరీ బండి పందెంలో నిలబడుతుందా అన్న ప్రశ్నకు నా జవాబు: దాని దగ్గరున్నదెంతో, దాని ఒంట్లో వేడెంతో తెలుసుకుని నడిపితే నిలబడుతుంది. తెలియనట్టు నటిస్తే నిలబడదు. ఆ మాట చెప్పడానికి నాకు అర్హత ఇచ్చింది నా డిగ్రీ కాదు, నా తప్పు.

చివరగా సంఘానికి ఒక విన్నపం. స్వర్ణోత్సవం గుర్తుగా ఆర్చి కట్టించాలని కొందరు అంటున్నారు. కట్టిద్దాం. దానితోపాటు మన సైన్సు గదిలో ఒక బీకరు, తీగచుట్ట, థర్మామీటరు, నాలుగు మల్టీమీటర్లు కూడా పెడదాం. నా వాటా ఆ గదికి ఇస్తున్నాను. ప్రతి పిల్లా, పిల్లాడూ ఆ నీళ్ళు వేడెక్కడం తమ కళ్ళతో చూడాలి. బెత్తం మాత్రం అక్కర్లేదు.